యాకితోరి కొట్లో తినడం ఎలా: తెర తొలగించి లోపలికి వెళ్ళిన దగ్గర నుంచి బిల్లు కట్టేదాకా

మొదటిసారి టోక్యోలో యాకితోరి కొట్టుకి, అంటే కోడి ముక్కలు పుల్లకి గుచ్చి కాల్చి పెట్టే చోటికి, వెళ్ళినప్పుడు నలుగురం కలిసి మెనూ మీద వేలు పెట్టి చూపిస్తూ ఒకేసారి ఇరవై నాలుగు పుల్లలు చెప్పేశాం. ఆకలి మీదున్నాం, పైగా మన హోటళ్ళలో అలవాటు అదే కదా, స్టార్టర్, బిర్యానీ, థమ్సప్ అన్నీ ఒక్క ఊపులో చెప్పేసి ఫోన్లు తీసుకుని కూర్చోవడం. పొయ్యి దగ్గరున్న పెద్దాయన ఏమీ అనలేదు, వరసగా కాల్చి పంపించాడు. మేం కబుర్లలో పడ్డాం. తినబోయేసరికి చర్మం పుల్లలు చల్లారి రబ్బరులా సాగాయి, కార్జం గట్టిపడింది, ప్లేట్లన్నీ జిడ్డు. డబ్బులు మాత్రం పూర్తిగా కట్టాం. తప్పు కొట్టుది కాదు, మాదే. యాకితోరి పొయ్యి మీద నుంచి దిగిన రెండు మూడు నిమిషాల్లో నోట్లోకి వెళ్ళిపోవాల్సిన తిండి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద రాసినదాంట్లో సగం మీకే తట్టేస్తుంది.

యాకి అంటే కాల్చింది, తోరి అంటే పక్షి, వాడుకలో కోడి. మనకి వెంటనే చీకుల బండి గుర్తొస్తుంది, గుర్తు రావడంలో తప్పేం లేదు గానీ ఆ రుచి కోసం వెళితే మాత్రం ఉసూరుమంటారు. పెరుగులో నానబెట్టడం ఉండదు, అల్లం వెల్లుల్లి ముద్ద ఉండదు, కారం ఉండదు. కోడిని భాగం భాగంగా విడదీసి, ఒక్కో భాగాన్నీ వేరుగా వెదురుపుల్లకి గుచ్చి, ఉప్పు చల్లో తారె అనే సాస్‌లో ముంచో కాలుస్తారు, అంతే. రుచంతా ఏ ముక్క, ఎంతసేపు కాల్చారు అన్నదాంట్లోనే ఉంటుంది. 'పుల్లకి గుచ్చడం నేర్చుకోవడానికి మూడేళ్ళు, కాల్చడం నేర్చుకోవడానికి జీవితకాలం' అని అక్కడ ఒక మాట ఉంది. వినడానికి అతిగా ఉంటుంది గానీ, పొయ్యి ఎదురుగా ఒక గంట కూర్చుంటే నిజమేననిపిస్తుంది.

ఏ కొట్టుకి వెళ్ళాలి

ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతూ, గుమ్మానికి పొట్టి తెర కట్టి, పొగ వీధిలోకి వస్తుంటే అదే. లాంతరుని అకాచోచిన్ అంటారు, తెరని నోరెన్. తెర బయట వేలాడుతోందంటే కొట్టు తెరిచి ఉన్నట్టు, లోపలికి తీసేశారంటే కట్టేసినట్టు.

జపనీస్ ఒక్క ముక్క రాకపోతే మొదటిసారి చైన్ కొట్టుకే వెళ్ళండి, సిగ్గుపడాల్సిందేం లేదు. తోరికిజోకు అని ఒకటుంది, 1985లో ఒసాకా పక్కన హిగాషి ఒసాకాలో మొదలైంది, పెద్ద ఊళ్ళలో చాలా స్టేషన్ల దగ్గర కనిపిస్తుంది. మెనూలో ఏది తీసుకున్నా ఒకటే ధర, ఒక ప్లేటుకి రెండు పుల్లలు, ఆర్డర్ చాలా బ్రాంచీల్లో ట్యాబ్‌లోనో మీ ఫోన్‌లోనో పెట్టుకోవచ్చు, నోరు తెరవక్కర్లేదు. క్యాబేజీ ఒకసారి తీసుకుంటే తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఊరికే వేస్తారు. కార్పొరేట్ రుచే, కాదనను, కానీ ముక్కల పేర్లు నేర్చుకోవడానికి అంత చవకైన బడి ఇంకోటి లేదు.

రెండోసారి సందుల్లోకి వెళ్ళండి. టోక్యోలో షింజుకు స్టేషన్ పడమటి వైపు ఒమోయిదె యోకోచో అనే సందు ఉంది, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్లాక్ మార్కెట్‌గా పుట్టింది, ఇప్పుడు ఇరుకు బల్లల మీద భుజం భుజం రాసుకుంటూ తింటారు. యురాకుచోలో అయితే రైలు వంతెన కిందే కొట్లు, మీరు తింటుంటే నెత్తి మీద రైళ్ళు పోతుంటాయి. ఫోటోలకి ఇవి బ్రహ్మాండం. తిండి మాత్రం నా లెక్కలో మీరు దిగిన హోటల్ దగ్గర, టూరిస్టులు రాని చిన్న స్టేషన్ పక్కన, ఎనిమిది పది సీట్లున్న కొట్లోనే బాగుంటుంది. గిన్జాలో బర్డ్‌లాండ్ లాంటి మిషెలిన్ స్టార్ వచ్చిన చోట్లూ ఉన్నాయి. అక్కడ ముందే బుక్ చేసుకోవాలి, బిల్లు వేరే, పద్ధతి వేరే, ఈ వ్యాసం వాటి గురించి కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. యాకితోన్ అని ఇంకో రకం కొట్లుంటాయి, చివర 'తోన్' వినిపిస్తే అది పంది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అదే లాంతరు, అదే పొగ. అంతకంటే చిక్కేమిటంటే కొన్ని ఊళ్ళలో యాకితోరి అని పిలిచేదే పంది మాంసం. హొక్కైడోలోని మురోరాన్‌లో పంది ముక్కా ఉల్లిపాయా గుచ్చి ఆవపిండి ముద్దతో ఇస్తారు, దాని పేరూ యాకితోరే. సైతామా జిల్లాలోని హిగాషిమత్సుయామాలో పంది తలకాయ మాంసం మీద కారపు మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, రాస్తారు. ఫుకుఓకాలో కోళ్ళతో పాటు బుతాబరా, అంటే పంది పొట్టభాగం, లేని యాకితోరి కొట్టు దాదాపు ఉండదు. పంది తినేవాళ్ళకి ఇదంతా పండగే, తిననివాళ్ళు మాత్రం పేరు చూసి ధైర్యపడిపోకండి.

వెళ్ళే ముందు

సాయంత్రం ఐదారింటికి వెళ్తే సీటు దొరుకుతుంది, ఏడు దాటితే, అందులోనూ శుక్రవారమైతే, ఆఫీసుల వాళ్ళు దిగిపోతారు. ఇద్దరు ముగ్గురు చాలు. ఎనిమిది మంది గుంపుగా చిన్న కొట్టు ముందు నిలబడితే తలుపు దగ్గరే చేతులు అడ్డంగా పెట్టి చూపిస్తారు, అంటే చోటు లేదని. దాన్ని మనసులో పెట్టుకోకండి.

జేబులో నోట్లు ఉండాలి, చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు. పట్టుచీర, కొత్త కోటు వద్దు, పొగ వాసన మర్నాటికీ పోదు. 2020 ఏప్రిల్ నుంచి జపాన్‌లో హోటళ్ళలో సిగరెట్ నిషేధం వచ్చినా, అప్పటికే ఉన్న చిన్న కొట్లకి మినహాయింపు ఇచ్చారు, కాబట్టి పక్క సీటాయన వెలిగించే అవకాశం ఉంది. తలుపు మీద బొమ్మ చూసుకోండి, పిల్లలతో వెళ్ళేవాళ్ళైతే మరీను.

లోపలికి అడుగు పెట్టాక

ఇరాషాయ్‌మాసే అని అందరూ ఒక్కసారిగా అరుస్తారు, కంగారు పడకండి, రండి రండి అంటున్నారంతే. దానికి జవాబు చెప్పక్కర్లేదు. ఎంతమందో వేళ్ళతో చూపించండి. కౌంటర్ సీటా బల్లా అని అడిగితే కళ్ళు మూసుకుని కౌంటర్ అనండి. పొయ్యి కనిపిస్తుంది, పక్కవాళ్ళు ఏం తింటున్నారో కనిపిస్తుంది, పేరు తెలియకపోతే చూపించి అదే కావాలనొచ్చు.

కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు, ఒషిబోరి. అది చేతులకి. ఎండలో నడిచొచ్చి మొహం, మెడ తుడుచుకునే జపాన్ పెద్దాయనలు కనిపిస్తారు గానీ మనం చేతులతో ఆపుదాం.

తర్వాత మెనూ కూడా తెరవకముందే ఏం తాగుతారని అడుగుతారు. తిండి ఆర్డర్ కంటే ముందు తాగేది చెప్పడం అక్కడి వరస. తోరియాయెజు బీరు, అంటే 'ముందుగా ఒక బీరు, మిగతాది తర్వాత చూద్దాం' అన్నమాట, ఆఫీసు గుంపులన్నీ అదే అంటాయి. మందు అలవాటు లేకపోయినా ఏ ఇబ్బందీ లేదు, ఊరోన్‌చా అంటే ఊలాంగ్ టీ చల్లగా ఇస్తారు, జింజర్ ఏల్ ఉంటుంది. కానీ మంచినీళ్ళు చాలు అని తేల్చేయకండి, మనిషికి ఒక డ్రింక్ తీసుకోవడం అక్కడ మర్యాద కిందే లెక్క, చిన్న కొట్లు బతికేది దాని మీదే. మందు తాగడానికి వయసు 20 నిండాలి.

డ్రింక్‌తో పాటు మీరు అడగని చిన్న గిన్నె ఒకటొస్తుంది, ఊరగాయో, ఉడికించిన కూరో, క్యాబేజీయో. ఇది ఒతోషి. ఉచితం కాదు. మనిషికి సుమారు 300 నుంచి 500 యెన్లు పడుతుంది, సీటుకి అద్దె అనుకోండి. మోసం చేశారని మనవాళ్ళు బిల్లు దగ్గర గొడవ పడటం చూశాను, అది మోసం కాదు, అక్కడి రివాజు. చైన్లలో కొన్నిచోట్ల ఉండదు.

ఆర్డర్ చెప్పడం: అసలు విషయం ఇదే

మూడు మాటలు చాలు: ముక్క పేరు, ఎన్ని పుల్లలు, ఉప్పా తారెనా. పుల్లల లెక్క ఇప్పోన్, నిహోన్, సాన్‌బోన్, అంటే ఒకటి, రెండు, మూడు. ఉప్పుని షియో అంటారు. 'మోమో నిహోన్, షియో దె' అన్నారంటే తొడ ముక్కలు రెండు పుల్లలు, ఉప్పుతో. చివర ఒనెగాయ్ షిమాస్ కలిపితే 'దయచేసి' అన్నట్టు. పిలవాలంటే సుమిమాసెన్ అని గట్టిగానే అనాలి, మొహమాటపడి చెయ్యెత్తి ఊరుకుంటే ఆ పొగలో ఎవరికీ కనపడరు. కొన్ని కొట్లలో ఒక రకానికి కనీసం రెండు పుల్లలు తీసుకోవాలి, మెనూలో రాసి ఉంటుంది, ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూసుకోండి. అనువాదం మీద మరీ నమ్మకం పెట్టుకోకండి, చర్మం పుల్లని 'తోలు' అని చూపిస్తుంది, కందనకాయని 'ఇసుక కార్జం' అంటుంది, రెండోది నిజానికి ఆ పేరుకి అక్షరాలా అర్థమే.

తారె అంటే సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం, సాకె అనే బియ్యపు మద్యం, చక్కెర కలిపి మరిగించింది. అయిపోతుంటే పాత దాంట్లోనే కొత్తది పోస్తూ ఏళ్ళ తరబడి అదే కుండ నడుపుతారు, కాల్చిన పుల్లలు ముంచీ ముంచీ కోడి కొవ్వు దిగి దానికో చిక్కదనం వస్తుంది. మన ఇళ్ళలో తోడు పెరుగు వరసన్నమాట.

మొదటి విడత ఇలా చెప్పండి, మనిషికి మూడు పుల్లలు, అన్నీ ఉప్పువే. అవి వస్తుండగా, చివరి పుల్ల చేతిలో ఉండగానే, రెండో విడత చెప్పండి, ఈసారి తారె కలిపి. ఉప్పు ముందు ఎందుకంటే తారె తియ్యగా, ఘాటుగా నాలుకని పట్టేస్తుంది, దాని తర్వాత ఉప్పు ముక్క చప్పగా ఉంటుంది. ఇంకో కిటుకు, రెక్కలు, చర్మం కాలడానికి టైం పడుతుంది, అవి రెండో విడతలో కావాలనుకుంటే మొదటి విడతతోనే చెప్పి ఉంచండి. మధ్యలో ఖాళీ వస్తే క్యాబేజీ, ఎదమామె అనే ఉడికించిన లేత సోయా కాయలు నములుతూ కూర్చోండి. ఆకలి మీదున్నవాడికి ఈ నిదానం మొదట్లో చిరాగ్గా ఉంటుంది, కాదనను. ఇంట్లో అమ్మ పెనం మీద నుంచి ఒక్కో దోసె తీసి వేస్తుంటే ఎలా తింటామో అలా అనుకుంటే సరిపోతుంది. ఇరవై దోసెలు వేసి దొంతర పెట్టమని ఎవరూ అడగరు కదా.

ఏమీ తోచకపోతే ఒమకాసె గోహోన్ అనండి, 'మీ ఇష్టం, అయిదు పుల్లలు' అని. తిననివి ముందే చెప్పాలి సుమా. మోరియవాసె అంటే కలిపి పెట్టిన ప్లేటు, చవగ్గా ఉంటుంది గానీ అన్నీ ఒకేసారి వస్తాయి, మళ్ళీ చల్లారే కథే.

ఏ ముక్క ఏమిటి

మోమో తొడ మాంసం, ఎవరికైనా నచ్చుతుంది. నెగిమా అంటే తొడ ముక్కల మధ్య లావుపాటి ఉల్లికాడలు గుచ్చింది, ఆ కాడ కాలి లోపల రసం మరుగుతూ ఉంటుంది, కొరికారంటే నాలుక కాలుతుంది జాగ్రత్త. యాకితోరి అంటే ఏమిటో ఒక్క పుల్లలో తెలియాలంటే నెగిమానే.

త్సుకునె కోడి కైమా ముద్ద, సీక్ కబాబ్‌కి దూరపు చుట్టం. కొన్నిచోట్ల మెత్తటి ఎముక తరిగి కలుపుతారు, పంటి కింద కటకటమంటుంది. పచ్చి గుడ్డు సొన పక్కన పెట్టి అందులో ముంచుకోమంటారు, ఇష్టం లేకపోతే వదిలేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. దీనికి తారె బాగుంటుంది.

కావా అంటే చర్మం. చికెన్ షాపులో 'స్కిన్‌లెస్ కొట్టు భయ్యా' అని పెరిగినవాళ్ళం కాబట్టి దీన్ని చూసి ముందు మొహం చిట్లిస్తాం. ఒకసారి బాగా కాల్చింది తినండి. ఫుకుఓకాలో మెడ చర్మాన్ని పుల్లకి చుట్టూ మెలేసి, కాల్చి, ఆరనిచ్చి, మళ్ళీ కాలుస్తారు, కొవ్వంతా కారిపోయి పైన కరకర, లోపల మెత్తన. ఒక మనిషి పది పుల్లలు లాగించడం అక్కడ వింతేం కాదు.

ఇక మనకి బాగా తెలిసిన సరుకు. సునాగిమో కందనకాయ, హాత్సు గుండెకాయ, రెబా కార్జం. హాత్సు ఇంగ్లీషు హార్ట్స్ నుంచి వచ్చిన మాట, రెబా జర్మన్ నుంచి. కందనకాయ ఉప్పుతోనే తినాలి, మన వేపుడులా ఉడికి మెత్తబడదు, కసుక్కుమంటుంది. కార్జానికి తారె. ఒక హెచ్చరిక, అక్కడ కార్జం లోపల కొంచెం గులాబీ రంగులో ఉండేలా దించడం గొప్ప అనుకుంటారు, దాని సంగతి కిందకొచ్చాక చెప్తాను.

నన్‌కోత్సు మెత్తటి ఎముక, మూలుగ జుర్రే అలవాటున్నవాళ్ళకి పిచ్చి పట్టిస్తుంది. సెసేరి మెడ మాంసం, చాలామంది దాటేస్తారు, నా ఓటు మాత్రం దానికే. బోన్‌జిరి తోక దగ్గరి కొవ్వు ముక్క, ఒక్కటి అమృతం, మూడోది వెగటు. తెబాసాకి రెక్కలు. సాసామి రొమ్ములో సన్నటి మెత్తని ముక్క, పైన ముక్కుకెక్కే వసాబి ముద్దో, ఉమె అనే పుల్లటి పండు ముద్దో రాస్తారు.

సోరిరేసు అనే పేరు కనిపిస్తే వెంటనే చెప్పేయండి, తొడ మొదట్లో వెన్ను గుంటలో ఉండే చిన్న ముక్క, కోడికి రెండే వస్తాయి. పేరు ఫ్రెంచి నుంచి వచ్చింది, అర్థం 'వెర్రివాడు వదిలేసేది' అని. చోచిన్ కూడా అంతే అరుదు. నాటుకోడిని కోసినప్పుడు కడుపులో పసుప్పచ్చగా గుడ్లు దొరుకుతాయే, చిన్నప్పుడు వాటి కోసం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్ళం, అదే, పుల్ల చివర లాంతరులా వేలాడదీసి కాలుస్తారు. నోట్లో టప్పున పగులుతుంది.

తినే తీరు

పుల్ల పట్టుకుని నేరుగా కొరికి తినండి. మనవాళ్ళు చేసే పని, అందరూ అన్నీ రుచి చూడాలని చాప్‌స్టిక్స్‌తో ముక్కలన్నీ ప్లేటులోకి లాగేసి పంచుకోవడం. జపాన్‌లోనూ ఆఫీసు పార్టీల్లో చేస్తారు, కాల్చేవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండుతుంది, కొన్ని కొట్లు అలా చేయొద్దని కాగితం రాసి అంటించాయి కూడా. ముక్క విడిపోగానే చల్లారుతుంది, రసం ప్లేటు పాలవుతుంది. పంచుకోవాలంటే రెండు పుల్లలు చెప్పుకోండి. సగం తిన్నాక కింది ముక్కలు అందకపోతే పుల్లని అడ్డంగా తిప్పి పక్క నుంచి లాగండి, నిలువుగా నోట్లోకి గుచ్చుకోవద్దు.

అయిపోయిన పుల్లలకి బల్ల మీద వెదురు గొట్టం ఉంటుంది, అందులో వేయండి. షిచిమి అనే ఏడు దినుసుల కారప్పొడి కూడా అక్కడే ఉంటుంది, ముందు ఒక ముక్క ఉత్తిది తిని ఆ తర్వాత చల్లుకోండి. మన నాలుకకి అది కారమే కాదు, అందుకని సీసా బోర్లించేస్తాం, అప్పుడు కోడి రుచి పోయి నారింజ తొక్క వాసన మిగులుతుంది. యుజు కోషో దొరికితే వదలకండి, యుజు పండు తొక్కా పచ్చిమిర్చీ ఉప్పేసి నూరింది, మన రోటి పచ్చడికి బాగా దగ్గర, కందనకాయతో అదిరిపోతుంది.

సాస్‌లో రెండోసారి ముంచకూడదు అనే రూల్ విని ఉంటారు. అది ఒసాకా కుషికత్సుది, రొట్టె పొడి అద్ది నూనెలో వేయించే పుల్లలు, సాస్ గిన్నె అందరికీ ఒకటే పెట్టే అలవాటు వల్ల వచ్చిన రూల్. యాకితోరిలో సాస్ వంటగదిలోనే పడిపోతుంది కాబట్టి ఆ బెంగ లేదు.

తినని వాటి సంగతి, పచ్చి సంగతి

పంది, గొడ్డు తిననివాళ్ళు కూర్చోగానే 'గ్యూనికు తో బుతానికు వా తబెరారెమాసెన్' అని చెప్పండి. ఆస్పరాగస్ చుట్టూ బేకన్, టమాటా చుట్టూ పంది మాంసం చుట్టిన పుల్లలు కూరగాయల పేరుతోనే మెనూలో ఉంటాయి, గ్యూతాన్ అంటే ఎద్దు నాలుక. అన్నీ ఒకే పొయ్యి మీద కాలుతాయి, అది తప్పదు. హలాల్ అయితే మామూలు కొట్లలో కుదరదనే అనుకోండి, మాంసం సంగతి అటుంచి తారెలోనే సాకె, మిరిన్ ఉంటాయి.

శాకాహారులు సర్దుకోగలిగితే షిషితో మిరపకాయలు, షియిటాకె పుట్టగొడుగులు, గిన్నాన్ గింజలు, క్యాప్సికం, అన్నీ షియో దె అని చెప్పి తినొచ్చు. చల్లటి తోఫు వస్తే దాని మీద గాలికి ఊగుతుండే చెక్కపొట్టు లాంటిది ఎండుచేప. కచ్చితమైన శాకాహారం పాటించేవాళ్ళు స్నేహితుల మొహమాటానికి రావద్దు, పొగలో రెండు గంటలు పస్తు కూర్చోవడమే అవుతుంది.

పచ్చి కోడి గురించి నేను మొహమాటం లేకుండా చెప్తాను, తినకండి. తోరివాసా, తతాకి పేర్లతో పైపైన వేడి తగిలించిన పచ్చి కోడి పెడతారు, సాసామి కూడా కొన్నిచోట్ల లోపల పచ్చిగానే ఉంటుంది. తాజా కోడే కదా అంటారు, తాజాదనానికీ క్యాంపైలోబాక్టర్‌కీ సంబంధం లేదు, ఆ బాక్టీరియా కోడి పేగుల్లోనే ఉంటుంది. జపాన్ ఆరోగ్య శాఖే మాంసం మధ్యభాగం 75 డిగ్రీల దగ్గర కనీసం ఒక నిమిషం ఉడకాలని చెప్తోంది. 'యోకు యాయితె కుదసాయ్' అంటే బాగా కాల్చండి అని. గర్భిణులు, పిల్లలు, మర్నాడు విమానం ఎక్కేవాళ్ళు కార్జం దగ్గర కూడా ఈ మాట వాడాలి.

చివర్లో

అన్నం లేకపోతే తిన్నట్టుండదు మనకి. యాకి ఒనిగిరి చెప్పండి, అన్నం ముద్దకి సోయా రాసి పెళుసుగా కాలుస్తారు. తోరి సూప్ ఉంటే దాంతో కలిపి తినండి, ఎముకలు మరిగించిన చారు. ఓయాకోదోన్ ఉందంటే ఇంకేం ఆలోచించొద్దు, అన్నం మీద కోడీ గుడ్డూ, ఆ పేరుకి 'తల్లీబిడ్డల గిన్నె' అని అర్థం. ఇవి తయారవడానికి పది నిమిషాలు పడుతుంది, చివరి పుల్లలతో పాటే చెప్పేయండి. లాస్ట్ ఆర్డర్ అని వచ్చి అడిగితే ఇక ఆ తర్వాత ఏదీ చేయరు, చైన్లలో రద్దీ రోజుల్లో రెండు గంటలకే లేవమంటారు.

ఒకైకేయ్ ఒనెగాయ్ షిమాస్ అంటే బిల్లు ఇవ్వమని. చూపుడు వేళ్ళు రెండూ అడ్డంగా పెట్టి చూపించినా తెలుస్తుంది. మామూలు కొట్లలో పుల్ల 150 నుంచి 250 యెన్ల దాకా, డ్రింకులతో కలిపి మనిషికి మూడు నాలుగు వేల యెన్లలో తేలుతుంది. మెనూ ధర పక్కన పన్ను కలపలేదని రాసుంటే పది శాతం వేసుకోండి. టిప్పు ఇవ్వకండి, చిల్లర బల్ల మీద వదిలేస్తే మర్చిపోయారనుకుని వీధి చివరి దాకా పరిగెత్తుకుంటూ వచ్చి చేతిలో పెడతారు. లేచేటప్పుడు పొయ్యి వైపు చూసి గొచిసోసామా దెష్తా అనండి, బాగా తిన్నామండీ అని. అప్పటిదాకా తలెత్తని పెద్దాయన తలెత్తుతాడు.